జెర్సీ మీద పీకేసిన పేరు

ఈరోజు ఆట మొదలవకముందే ఒక మనిషి పేరు పీకేశాను. తప్పు నాదే.

గల్ఫ్‌లో, సిత్రా లేబర్ క్యాంపులో ఉంటాను. ఒక ఫుట్‌బాల్ క్లబ్బులో జెర్సీలు ఉతికి ఇస్త్రీ చేయడం నా డ్యూటీ. పరాయి దేశపు ఆటగాణ్ణి పంపించేశాక, అతని జెర్సీ వీపు మీది అక్షరాలను ఇస్త్రీపెట్టెతో వేడి చేసి ఊడదీస్తాను. తర్వాత వచ్చేవాడికి అదే జెర్సీ.

మా బ్రెజిల్ స్ట్రైకర్ పోర్చుగల్, టర్కీ, కొరియా, ఒమన్ తిరిగి ఇక్కడ తేలాడు. ఏ ఊళ్లో ఏ కూర బాగుంటుందో చెప్పగలడు. గోలు ఎటువైపు ఉందో మాత్రం ప్రతి దేశంలోనూ కొత్తగా వెతుక్కుంటాడు. ఇవాళ గోల్ కొడితే ఉంటాడు, లేకపోతే టికెట్టేనని మేనేజర్ ముందే చెప్పాడు.

"కొడ్తడా కాకా?" అన్నాడు పొద్దున, గ్రౌండులో గడ్డి కోసే జగిత్యాల తమ్ముడు.

"వీడా? వీడు తంతే బంతి గోల్ల పడదురా, సౌదిల పడ్తది. దానికి సుత వీసా తియ్యాలె!"

ఇద్దరం పగలబడి నవ్వాం. ఆ ఊపులోనే, రేపటి పని ఇవాళే తీరిపోతుందని అక్షరాలు ఊడబీకాను.

మధ్యాహ్నం అతను అందరికంటే ముందు వచ్చాడు. కొక్కేనికున్న జెర్సీ తీసి, ఉత్త వీపు చూశాడు.

"ఖలాస్?" అంటూ, నా పని అయిపోయిందా అన్నట్టు అడిగాడు నన్ను.

అరవలేదు. హిద్‌లో నా పాత కంపెనీ నన్ను తీసేసిన రోజు, వీసా ఇచ్చిన యజమాని కఫీల్‌ని నేనూ ఇంత మెల్లగానే అడిగాను.

"నో ఖలాస్, భాయ్. మిస్టేక్ నాది," అన్నాను.

జిగురు పోయిన అక్షరాలు మళ్లీ అంటుకోలేదు. చెత్తడబ్బాలోంచి ఏరి, సూదీదారంతో ఒక్కొక్కటే కుట్టాను. వంకరగా వచ్చాయి. అతను తొడుక్కుని, అద్దంలో వీపు చూసుకుని "బ్యూటిఫుల్" అన్నాడు. అన్ని దేశాలు తిరిగి అబద్ధమాడటమైతే బాగా నేర్చాడు.

గోల్ కొట్టలేదు. ఒక బంతి నిజంగానే ప్రహరీ దాటింది. తమ్ముడు నవ్వుతూ నావైపు తిరిగాడు. నేను లేచి బంతి తేవడానికి వెళ్లాను.

ఆట అయ్యాక మేనేజర్ వచ్చి, పేరు తీసెయ్యమన్నాడు.

"కుట్టేశాను సార్, తీస్తే గుడ్డ చిరుగుతుంది," అన్నాను హిందీలో.

"అయితే వాడికే ఇచ్చెయ్," అని విసుక్కుంటూ పోయాడు.

ఉతికి, ఆరబెట్టి, పేరు పైకి కనబడేలా మడిచి అతని చేతికిచ్చాను.