ఎడమ మోకాలు

తెల్లారకముందే పొయ్యి రాజేసి, ఇత్తడి గిన్నెలో ఆముదం వెచ్చబెట్టేది నీలమ్మ. మొగుడు కొట్రప్ప ఎడమ మోకాలు చెడినప్పటి నుంచి అదే ఆమె మొదటి పని. కసువు ఊడ్చేది, నీళ్ళు తెచ్చేది అన్నీ దాని తర్వాతే. ఇప్పుడు కూడా అదే వేళకు మెలకువ వస్తాది. పొయ్యి రాజేస్తాది. గిన్నె గూట్లో బోర్లించి ఉంటాది. దాని వైపు చూడకుండా టీకి నీళ్ళు పెట్టుకుంటాది. అరచేతులు మాత్రం ఊరుకోవు. నీళ్ళు కాగేలోపల ఒకదాన్నొకటి రుద్దుకుంటానే ఉంటాయి, వెచ్చబడేదాకా.

ఎమ్మిగనూరులో వాళ్ళుండే వీధంతా మగ్గాలే. గుంతమగ్గం ఉన్న ఇంట్లో నేల తవ్వి మోకాటి లోతు గుంత చేసి ఉంటారు. నేసేవాడు గుంత అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి వేలాడేసి, అడుగునున్న పలకలు తొక్కుతా నేస్తాడు. ఆ ఇంట్లో గుంత కొట్రప్ప తండ్రి తవ్వింది. ఒక ఏడాది ముసుర్లలో నానిన దూలం జారి మగ్గం మీద పడింది. కొట్రప్ప మోకాలు దాని కింద చిక్కుకుంది. ఎముక అతుక్కుంది. నడక వచ్చింది. పలక తొక్కడానికి కూడా కాలు పనికొచ్చింది. కానీ సగానికి మించి మడిచేందుకు రాలేదు. గుంతలో వేలాడినంతసేపూ ఆ కాలు బుద్ధిగా ఉండేది. బయటికొచ్చి నేల మీద కూర్చుంటే మాత్రం ముందరికి చాపుకోవాల్సిందే.

పెండ్లి భోజనాల్లో పంక్తిలో కూర్చుంటే వడ్డించేవాళ్ళు ఆ పాదం దాటుకుని పోయేవాళ్ళు. "వాని కాలుకు గూడా ఒక ఇస్తరేయండప్పా, పాపం, ఎంత ముందుకొచ్చి అడుగుతాందో సూడండి," అని కొట్రప్ప అన్న బసన్న నవ్వించేవాడు. కొట్రప్ప కూడా నవ్వేవాడు. ఇంటికొచ్చినాక నీలమ్మతో అనేవాడు, "నువ్వు రుద్దేది దీనికి బాగా అలవాటైంది. వంగితే యాడ మానేస్తావోనని వంగకుండా ఉండాది."

ఆ మాటకు ఆమె కూడా నవ్వేది. కానీ అతనికి ఆ కాలు గురించి ఒక భయం ఉండేది. అది ఆమెకొక్కదానికే తెలుసు.

వాళ్ళది మెడలో లింగం కట్టుకునే కులం. వాళ్ళలో ఎవరైనా పోతే పండబెట్టరు, కాల్చరు. ప్రాణం పోతానే, ఒళ్ళు వెచ్చగా ఉండంగానే, బాసింపట్టు వేయించి గోడకానించి కూర్చోబెడతారు. ఒరిగిపోకుండా గోడ గూటానికి పంచెతో కడతారు. సమాధి గుంతలో కూడా అట్లాగే, ఎడమ అరచేతిలో లింగం పెట్టి, ధ్యానంలో ఉన్నట్టు కూర్చోబెట్టి మన్ను కప్పుతారు. ఆలస్యమైతే ఒళ్ళు కట్టెబారిపోతాది. అప్పుడు కష్టం. కొట్రప్ప తండ్రి చేన్లో ఒంటరిగా పడిపోయినాడు. మనుషులు చూసేసరికి బిగుసుకుపోయి ఉన్నాడు. ఇంటికి తెచ్చి, ఇద్దరు భుజాలు పట్టుకుంటే ఒకడు మోకాళ్ళ మీద ఎక్కి తొక్కినాడు. కొట్రప్పకు అప్పటికి మీసాలు రాలేదు. తలుపు పక్కన నిలబడి ఆ చప్పుడు విన్నాడు.

"ఎండిన కందికట్టె ఇరిసినట్లుండె," అన్నాడు ఒక పొద్దున, ఆమె ఆముదం రుద్దుతాంటే. "నా కాలు ఎట్లా వంగదు. నాకూ అదే చేస్తారు. నువ్వు ఇరవనీకు."

"పొద్దు పొద్దున్నే ఏం మాటలివి?"

"మాటియ్యి నీలా."

నూనె చేతిని అతని చేతిలో పెట్టింది. అతను గట్టిగా పట్టుకున్నాడు, జారిపోతుందేమో అన్నట్టు. అదొక్కటే ఆమె అతనికి ఇచ్చిన మాట.

పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిది వైశాఖంలో, మగ్గం మీద ఉండంగానే కొట్రప్పకు ఎద పట్టుకుంది. బసన్న నూలు పనిమీద బళ్ళారి పోయి ఉన్నాడు. నీలమ్మే ఎట్లనో బస్సెక్కించుకుని ఆదోనికి తీసకపోయింది. దొడ్డాసుపత్రిలో మంచం ఇచ్చినారు, సూది వేసినారు. మధ్యాహ్నం నీళ్ళడిగినాడు. పొద్దు గుంకుతాంటే ఆమె చెయ్యి వెతుక్కున్నాడు. దొరికింది. అంతే.

వార్డులో మేరి అని ఒక ఆయా ఉండేది, పెద్దామె. చనిపోయినవాళ్ళను ఎందరినో చూసింది కాబట్టి ఏడ్చేవాళ్ళను కదిలించకుండా తన పని తాను చేసుకుపోతాది. కొట్రప్ప కళ్ళు మూసింది. దవడ కింద నుంచి గుడ్డ చుట్టి తల మీద ముడేసింది. కాళ్ళు రెండూ చక్కగా చాపి, బొటనవేళ్ళు కలిపి కట్టింది. ఎవరికైనా అట్లాగే చేస్తాది. మంచికే చేస్తాది. నీలమ్మ ఆ ముడి వైపు చూస్తానే ఉంది. వద్దమ్మా, మావాళ్ళను కూర్చోబెట్టాల అని చెప్పాలని తెలుసు. చెప్పలేకపోయింది. అప్పటికి ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది.

ఎమ్మిగనూరు పోయే ఆఖరి బస్సు కండక్టరుతో కబురు చెప్పి పంపింది మేరి. ఆ రాత్రికి వరండాలో చాప వేసి, నీలమ్మ పక్కనే తనూ కూర్చుంది. తెల్లవారి దుప్పటి సర్దబోయి, కొట్రప్ప బనీను కింద వెండి కాయ చూసింది. లింగం పెట్టుకునే కాయ అది. చేతులు ఆగిపోయినాయి.

"అయ్యో సెల్లీ. మీవాళ్ళను కూర్సోబెడతారు గదా. సెప్పొద్దా నాకు?"



మేరి ఆ బొటనవేళ్ళ కట్టు విప్పింది. విప్పినా పాదాలు కట్టినట్టే ఉన్నాయి. మోకాలి పైన చెయ్యి వేసి నొక్కి చూసింది. కండ రాయి మాదిరి ఉంది.

"ఇను," అంది. "ఇప్పుడు ఎవురన్నా వంచుతామంటే ఒప్పుకోవాకు. కండ సిరుగుతాది, కీలు ఇరుగుతాది. ప్రాణం పోయినాక కండలు ఒకసారి బిగుస్తాయి. మళ్ళా వాటంతటవే వదులుతాయి. ఇది ఎండకాలం, తొందరగానే వదులుతాయి. ముందు దవడ, ఆమీట మెడ, సేతులు, ఆఖర్న కాళ్ళు. బిగిసిన వరసనే వదులుతాయి. ఈ పొద్దు గుంకేదాకా ఓర్సుకోమని సెప్పు మీవాళ్ళకు."

"నా మాట ఎవురింటారక్కా?"

"సెప్పి సూడు ముందు."

రాత్రే బళ్ళారి నుంచి ఇల్లు చేరి కబురు విన్న బసన్న, పత్తిమూటలు దించిన ఖాళీ లారీ ఒకటి మాట్లాడుకుని వచ్చినాడు. తమ్ముని చాపిన కాళ్ళు చూసి తువ్వాలతో మొఖం తుడుచుకున్నాడు. లారీలో నీలమ్మ తల దగ్గర కూర్చుంది. దోవంతా గతుకులు. గతుకు వచ్చినప్పుడల్లా కొట్రప్ప మడమ లారీ చెక్కకు తగిలేది. టక్. కొంచెం ఆగి మళ్ళీ టక్. మగ్గం పలక తొక్కిన చప్పుడే. రోజంతా వినీ వినీ ఆమె చెవికి పట్టకుండా పోయిన చప్పుడు అది. ఆ పొద్దు ప్రతిసారీ వినబడింది. ఒకసారి అలవాటుగా, ఇంక చాల్లే లెయ్యి, తిందువు అనబోయింది.

ఇంట్లో గోడకు గూటం కొట్టి సిద్ధంగా ఉంచినారు. మఠం అయ్యగారు విభూతి, బిల్వపత్రాలు తెచ్చుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. లోపలికి తెచ్చి గోడకానించబోతే కొట్రప్ప నిచ్చెన మాదిరి నిలబడినాడు గానీ వంగలేదు. ఆడవాళ్ళ ఏడుపు ఆగిపోయింది. మళ్ళీ పండబెట్టినారు.

బసన్న అన్నాడు, "నాయిన్ను సేసినట్లే సెయ్యాల. ఏరే దోవ లేదు. ఆడోళ్ళు బయటికి పోండి."

అందరూ లేచినారు. నీలమ్మ లేవలేదు. కొట్రప్ప మోకాళ్ళ మీద రెండు చేతులూ పెట్టి కూర్చుంది.

"నీలమ్మా, నువ్వు గూడా."

"ఇరవద్దు బావా."

ఆమె బావకు ఎదురు మాట్లాడింది అదే మొదటిసారి. బసన్నకు కోపం రాలేదు, దిక్కు తోచలేదు. "మరి పండబెట్టి పూడ్సమంటావా? మనింట్లో ఎవురికన్నా జరిగిందా అట్ల? వాడు నా తమ్ముడు గాదా?"

"పొద్దు గుంకేలోపల అదే వదుల్తాదంట. అట్ల వదలకపోతే మీ ఇష్టం."

"కుడికాలు వదుల్తాది. బతికున్నప్పుడే వంగని ఎడమకాలు ఇప్పుడు వంగుతాదా? నువ్వు ఇన్నేండ్లు రుద్దితే వంగిందా?"

 ఎడమకాలు గురించి మేరి చెప్పలేదు, ఆమె అడగలేదు. అయినా చేతులు తీయలేదు.

అరుగు మీద నుంచి అయ్యగారు అన్నాడు, "సమాధి గుంత తవ్వేకి ఎట్లా సాయంత్రమయితాది. ఆయమ్మను అట్లనే ఉండనియ్యి బసన్నా."

మధ్యాహ్నం ఎండకు పైకప్పు బండలు కాలినాయి. ఇంట్లో వేపాకు, సాంబ్రాణి వేసినారు. నీలమ్మ కదల్లేదు. చాలాసేపటికి దవడ గుడ్డ తీసి చూసింది. నోరు కొంచెం తెరుచుకుంది, నిద్రలో ఉన్నట్టు. తల కింద చెయ్యి పెడితే మెడ ఆమె చేతిలోకి ఒదిగింది. ఇంకొంతసేపటికి, బిగిసిన పిడికిట్లో తన వేలు పోనిస్తే వేళ్ళు ఒకటొకటే విడినాయి. మేరి చెప్పిన వరసే. ఆమెకు ధైర్యం వచ్చింది. వెంటనే భయం కూడా వేసింది, ఎందుకంటే ఆ వేళ్ళు విడిన తీరు తన చెయ్యి పట్టుకోబోతున్నట్టే ఉంది.

ఎండ గడప దాటి వెనక్కు పోతాంటే లేచి పొయ్యి రాజేసింది. ఇత్తడి గిన్నెలో ఆముదం వెచ్చబెట్టింది. ఎవరూ వద్దనలేదు.

ముందు కుడికాలు. పిక్క పట్టి, మోకాలి వెనక చెయ్యి వేసి లేపితే మెల్లగా మడతపడింది. బసన్న ఊపిరి వదిలినాడు. తర్వాత ఎడమకాలు. రోజూ రుద్దినట్టే రుద్దింది, తొడ కింద నుంచి మొదలుపెట్టి చిప్ప చుట్టూ తిప్పి పిక్కలోకి. రోజూ ఆగిపోయే చోటు ఆమె చేతులకు తెలుసు. ఆడికి రాగానే అతను పండ్లు కరుచుకునేవాడు. ఆమె ఆపేసేది. ఆ పొద్దు కూడా ఆడికి రాగానే అలవాటుగా ఆగి అతని మొఖం చూసింది.

మొఖంలో ఏమీ లేదు.

ఇంకొంచెం వంచింది. కాలు వచ్చింది. చప్పుడు లేదు, అడ్డు లేదు. తడి గుడ్డ మాదిరి మడతపడి, పాదం తొడ మీదికొచ్చి కూర్చుంది. ఇన్నేండ్లూ పట్టుకున్నది ఎముక కాదు, కీలు కాదు. నొప్పి వస్తుందేమోనని కండే గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఇప్పుడు దేనికీ భయపడాల్సిన పని దానికి లేదు. ఆమె ఏడ్చింది అప్పుడే.

బసన్న వాకిట్లోకి పోయి, గోడవైపు తిరిగి చాలాసేపు నిలబడినాడు.

గోడకానించి కూర్చోబెట్టినారు. అయ్యగారు నుదుటికి విభూతి రాసి, తెరుచుకున్న ఎడమ అరచేతిలో లింగం పెట్టినాడు. పెండ్లి పీటల మీద కూర్చున్నప్పటి మాదిరి నిండా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు కొట్రప్ప. పొద్దు గుంకకముందే పల్లకిలో తీసకపోయినారు.

కాలు ఇరవకుండా కూర్సోబెట్టినావమ్మా అని వీధిలో ఆడవాళ్ళు ఇప్పటికీ అంటారు. నీలమ్మ తలూపుతాది. వాళ్ళతో చెప్పనిది ఒకటి ఉంది. బతికున్నప్పుడు ఆమె చేతులకు లొంగని కాలు, పోయినాక లొంగింది. ఆ లొంగడం అరచేతుల్లోనే ఉండిపోయింది. పిండి పిసుకుతాంటే తగుల్తాది. తడి చీర పిండుతాంటే తగుల్తాది. పొద్దున్నే పొయ్యి ముందర కూర్చుంటే వెనక గుంతలో ఎవరో కాళ్ళు మార్చుకున్నట్టుంటాది. తిరిగి చూడదు. భయమై కాదు, చూస్తే ఉండడని.

మగ్గాన్ని బసన్న విప్పి తన ఇంటికి తీసకపోయినాడు. గుంత మిగిలింది. అడుగున రెండు పలకలుండే చోటు, ఎడమ మడమ ఆనించి ఆనించి అరిగిన చిన్న పల్లం. ఉగాదికి ముందు బసన్న ఒక బండి ఎర్రమన్ను తోలించి వాకిట్లో పోయించినాడు.

"పూడ్సి అలికెయ్యి నీలమ్మా. సీకట్లో యాడన్నా పడతావు."

"పూడుస్తా బావా."

ఆ మధ్యాహ్నం గంప తీసుకుంది. మన్ను ఎత్తి లోపలికి తెచ్చింది. గుంత అంచున దించి, తనూ కూర్చుని, కాళ్ళు లోపలికి వేలాడేసింది. పాదం ఆ పల్లంలో పెట్టింది. చల్లగా ఉంది. ఒక మనిషిని ఒకసారి కూర్చోబెట్టి మన్ను కప్పినారు, మళ్ళీ ఇంకోసారా? అంచున మన్ను గంపతో కూర్చుని, ఆమె చాలాసేపు అదే అనుకుంది.

లేచి, గంపను మళ్ళీ వాకిట్లోకి మోసి, కుప్ప మీద గుమ్మరించింది. గంప కడిగి గోడకు బోర్లించింది. వానలు వచ్చినాయి, మన్ను కుప్ప కరిగి వీధిలోకి పారింది. బసన్న చూసినాడు, మళ్ళీ మన్ను తోలించలేదు. ఆమె ఇల్లంతా అలుకుతాది, గుంత అంచుదాకా. ఆడికొచ్చి చెయ్యి ఆపేస్తాది.