మోకరించమన్న జనం

ఢిల్లీ మునిర్కాలో ఒక అద్దె గదిలో ఉంటూ పీహెచ్‌డీ చేస్తున్న రోజులవి. నా పరిశోధన పద్దెనిమిదో శతాబ్దపు లండన్ రంగస్థలం మీద, ముఖ్యంగా నటీమణుల మీద. చదివినకొద్దీ నాకు నమ్మబుద్ధి అయ్యేది కాదు. నిండు గర్భంతో వేషం కట్టేవారు. వాళ్ల మీద పుకారు పుడితే ప్రేక్షకులు నాటకం ఆపించి, కమలా తొక్కలు విసిరి, క్షమాపణ చెప్పమనేవారు.

ఇదంతా మా సీనియర్ ఒకామెకు చెప్పాను. నాటకాలు వేయించడం ఆమెకు ప్రాణం. అందరం దీదీ అనేవాళ్లం. ఇద్దరు ముగ్గురు నటీమణుల జీవితాలు కలిపి ఆమె హిందీలో ఒక నాటకం రాసింది. నటి పాత్ర నాకే ఇచ్చింది.

కథ ఇదీ. ఊరూరా తిరిగే నాటక బృందంలో పుట్టిన పిల్ల లండన్ చేరి పేరున్న నటి అవుతుంది. బిడ్డకు జబ్బు చేసి కొన్నాళ్లు ఆడలేకపోతుంది. పొగరెక్కి రావడం లేదని ఊరంతా చెప్పుకుంటారు. బిడ్డ పోయాక ఆమె మళ్లీ వేదిక ఎక్కిన సాయంత్రం జనం గోల చేస్తారు. ఆమె నిలబడి జవాబు చెప్తుంది. జనం సద్దుమణుగుతారు. ఆమె ఆట కొనసాగిస్తుంది.

"ప్రేక్షకులకు కూడా తొక్కలు పంచుదాం యార్! నాలుగు విసిరి నవ్వుకుంటారు. నువ్వు నోరు తెరవగానే ఆగిపోతారు" అంది దీదీ. నాకూ సరదాగానే అనిపించింది.

ప్రదర్శన ఒక ఆదివారం మధ్యాహ్నం, ఒక పాత భవనం బేస్‌మెంట్‌లో. ఆర్.కె. పురం క్వార్టర్స్ నుంచి మా బాబాయి, పిన్ని వచ్చారు. బాబాయి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. కూరలబండి మనిషిని కూడా "భయ్యా, జరా దేఖియే" అని బతిమాలుతున్నట్టు అడిగే మనిషి. ఢిల్లీ వచ్చిన కొత్తలో నాకు జ్వరమొస్తే ఇంటికి తీసుకెళ్లి, తగ్గేదాకా తన చేత్తో జావ కాచి ఇచ్చాడు. ఆయన గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు ముందు వరుసలో కూర్చుని, తొక్కలున్న కాగితం పొట్లం ఒళ్లో పెట్టుకుని నన్ను చూసి చెయ్యి ఊపాడు.

ఆ సన్నివేశం వచ్చింది. నల్ల గౌనులో వేదిక మధ్యకు నడిచాను. మొదట నవ్వులు. నాలుగు తొక్కలు పాదాల దగ్గర పడ్డాయి. నా మాటలు మొదలుపెట్టాను. వాళ్లు ఆగలేదు. ఈలలు పెరిగాయి. వెనక నుంచి ఎవరో "మాఫీ మాంగో! క్షమాపణ అడుగు!" అని అరిచారు. అది నాటకంలో లేదు. మరో గొంతు అందుకుంది. కాసేపటికి గది గదంతా అదే మాట. "ఘుట్‌నోఁ పే! మోకాళ్ల మీద!" అని ఇంకెవరో అరిచారు. బిడ్డ పోయిందని చెప్పే మాట దగ్గర నా గొంతు నాకే వినబడలేదు.

అప్పుడు తొక్క కాదు, పండే వచ్చి నా దవడకు తగిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. వచ్చిన వైపు చూశాను.

బాబాయి లేచి నిలబడి ఉన్నాడు. చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. నోరు తెరిచి అందరితో పాటు అరుస్తున్నాడు. ఆ ముఖం నేనెన్నడూ చూసింది కాదు. పిన్ని ఆయన స్వెట్టర్ పట్టుకుని లాగుతూ "ఏవండీ! మన పిల్లండీ!" అంటోంది.

నేను నిర్ణయించుకున్నదేమీ లేదు. మోకాళ్లు వాటంతటవే వంగాయి. కింద కూలబడ్డాను. జనం ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు.

తెర వెనక దీదీ నన్ను వాటేసుకుంది. "క్యా బాత్ హై! ఆ మోకరించడం ఉంచేద్దాం."

"నేను నటించలేదు దీదీ" అన్నాను. ఆమెకు అర్థమవడానికి కాస్త సమయం పట్టింది.

బయట మెట్ల దగ్గర బాబాయి గోడకు ఆనుకుని ఉన్నాడు.

"తగిలిందామ్మా?"

"నేనని మర్చిపోయావా బాబాయ్?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. "లేదమ్మా. నువ్వేనని తెలుసు. తెలిసే విసిరాను. పక్కవాడి చేతిలోంచి పండు లాక్కుని మరీ విసిరాను. ఎందుకో నాకే తెలియట్లేదు."

మర్చిపోయానని చెప్పి ఉంటే తేలిగ్గా ఉండేది. పిన్ని నా దవడ తడిమి, ఆయన వైపు చూడకుండా ఆటోను పిలిచింది.

మరుసటి వారం ప్రదర్శనలో తొక్కలు వద్దన్నాను. దీదీ మొదట వాదించి, తర్వాత ఒప్పుకుంది. అయినా ఈలలు వచ్చాయి. నేను మోకరించలేదు. మాట్లాడకుండా నిలబడ్డాను. వాళ్లంతట వాళ్లు ఆగేదాకా నిలబడి, బిడ్డ పోయిన మాట చెప్పాను. ఈసారి అందరికీ వినబడింది. బాబాయి రాలేదు.

ఒక నెల పోయాక పిన్ని పిలిస్తే భోజనానికి వెళ్లాను. బాబాయే వడ్డించాడు. తల ఎత్తకుండా అడిగాడు, "మళ్లీ వేస్తున్నావా?"

"వేస్తున్నాను."

"నేను రానులేమ్మా."

ఇంకొంచెం చారు పోయమని కంచం ముందుకు జరిపాను.