వంతుల కారు

కారును తుక్కుకు వేసేద్దామని మొదట అన్నది నేనే. అప్పటికి దానికి పదిహేనేళ్ళు నిండబోతున్నాయి. మూడు లక్షల కిలోమీటర్లు దాటాక మీటరు ఆగిపోతే దాన్ని బాగుచేయించాలని మా అన్నదమ్ములిద్దరిలో ఎవరికీ అనిపించలేదు. రిజిస్ట్రేషన్ మళ్ళీ చేయించాలంటే టైర్లు మార్చాలి, అడుగున తుప్పు తిన్న రేకు తీసేసి కొత్తది అతికించాలి, ఆ తర్వాత ఫిట్‌నెస్‌కు చూపించాలి. ఇంత తిరిగిన బండి మీద అంత ఖర్చు దండగ అని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేవాణ్ణి. ఖర్చు మాట నిజమే. ఆ బండి లేకపోతే మా తమ్ముడికి పని నడవదన్న సంగతి కూడా నాకు తెలుసు. తెలిసే ఆ మాట అనేవాణ్ణి.

మిరపకు మంచి ధర పలికిన ఏడాది ఇద్దరం కలిసి ఆ కారు కొన్నాం. నా పేరున రాయించాం. అప్పటికి మాది ఒకే పొయ్యి. తర్వాత వేరుపడ్డాం. పొలాలకు చీట్లు వేస్తే కాలవ కింద చేను వాడికి వెళ్ళింది, మెట్ట నాకు మిగిలింది. చీటీ తీసింది నా చెయ్యే. అయినా పెద్దమనుషులు వాడి వైపు మొగ్గారని ఊరంతా చెప్పుకు తిరిగాను. కారు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరిలో ఎవరూ వదులుకోలేదు. సాగర్ నీళ్ళకు వంతులు పెట్టడం అలవాటైన పెద్దమనుషులు విసిగిపోయి కారుకూ వంతులే పెట్టారు. ఒక అమావాస్య నుంచి ఇంకో అమావాస్య దాకా ఒకరిది, ఆపైన రెండోవాళ్ళది. ఎవరి వంతులో చెడిపోతే వాళ్ళే బాగుచేయించుకోవాలి.

నీళ్ళకు ఆ పద్ధతి సరిపోతుంది. ఎవరి వంతు నీళ్ళు వాళ్ళ చేలో ఇంకిపోతాయి. కారులో మాత్రం ఒకడు దాచిన జబ్బు రెండోవాడి చేతిలో బయటపడుతుంది. ఈ సంగతి మేమిద్దరం తొందరగానే కనిపెట్టాం. ఇంజనాయిలు మార్చే వేళ దగ్గర పడిందంటే అమావాస్య ఎప్పుడా అని నేను క్యాలెండరు చూసేవాణ్ణి. వాడూ తక్కువ తినలేదు. ఒకసారి బ్రేకులు పూర్తిగా అరిగిన బండిని శుభ్రంగా కడిగి, అద్దాలు తుడిచి నాకు అప్పజెప్పాడు.

తర్వాత వాడు మిరప బస్తాల లోడు మీద నుంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. లోపల రాడ్డు వేశారు. చేను కౌలుకిచ్చి మిరప బేరాలు కుదర్చడం మొదలుపెట్టాడు. గుంటూరు వ్యాపారులను బొల్లాపల్లి, వినుకొండ వైపు ఊళ్ళకు తీసుకెళ్ళి, కల్లాల్లో కాయ చూపించి, రైతుతో ధర మాట్లాడి పెట్టాలి. మోటారు సైకిలు మీద కాలు వేసి కూర్చోలేడు. తన వంతు నెలలో తిరిగేవాడు, నా వంతు నెలలో ఇంట్లో కూర్చునేవాడు. ఆ నెలంతా కారు మా వాకిట్లో పట్టా కప్పుకుని ఉండేది. నాకు దానితో పెద్ద పని లేదు.

ఒకసారి గేటు దాకా వచ్చి అడిగాడు.

"అన్నా, రెండ్రోజులు బండి ఇయ్యి. బేరం ఉంది. ఆ రెండ్రోజులూ నా నెల్లో నువ్వు తీసుకో."

"ఇది నా వంతురా."

"కాదన్లా. ఊరికే పట్టా కప్పి పెట్టావు గదా. గుడ్లు పొదగేశావా ఏంది?"

"పొదగేశా. పిల్లలయ్యాక కబురు చేస్తాలే, పో."

వాడు వెళ్ళిపోయాక మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. "కుంటుకుంటా వచ్చి అడిగితే గుడ్లంట, పిల్లలంట. ఏం మనిషివయ్యా నువ్వు" అంది. నోరు మూసుకోమన్నాను. ఆ రోజుల్లో మా ఇంట్లో నేను ఎక్కువగా వాడిన మాట అదే.

కాయ కల్లాల్లోకి వచ్చే కాలంలోనే, నా వంతులో, రేడియేటరు కారడం గమనించాను. మెకానిక్ దగ్గరికి తీసుకుపోలేదు. రోజూ పొద్దున బానెట్ ఎత్తి నీళ్ళు పోసేవాణ్ణి. అమావాస్య నాడు నిండుగా పోసి, తాళంచెవి తమ్ముడింటికి పంపించాను. నీళ్ళ సంగతి చెప్పలేదు. ఇక ఆ మరమ్మతు వాడిదే కదా అనుకుని హాయిగా భోజనం చేశాను.

వినుకొండ దారిలో ఇంజను వేడెక్కి, పొగ చిమ్మి, పట్టేసింది. లోపల ఒక పెద్ద వ్యాపారి ఉన్నాడు. ఆయన ఎండలో కాసేపు నిలబడి, ఇంకో దళారికి ఫోన్ చేసి పిలిపించుకుని, వాడి బండెక్కి వెళ్ళిపోయాడు. తమ్ముడు కారును ట్రాక్టరుకు కట్టించుకుని వచ్చి సరిగ్గా మా గేటు ముందు ఆపించాడు.

"రేడియేటరు ఎప్పట్నించి కారతంది?"

"నాకేం తెలుసు?"

"డిక్కీలో నీళ్ళ డబ్బా మర్చిపోయావు. రోజూ పోస్తన్నావా?"

ఇక బొంకే దారి లేదు. "పోశా" అన్నాను.

"ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయింది?"

"నువ్వడగలా. అరిగిన బ్రేకుల సంగతి నువ్వు చెప్పావా నాకు?"

"బ్రేకులు తొక్కితే తెలుస్తది. ఇది నాకెట్టా తెలుస్తది? ఈ సీజనంతా ఆయన మీదే పెట్టుకున్నా. ఇప్పుడాయన నా ఫోనెత్తడు."

 ట్రాక్టరు అతను తాడు విప్పుతూ నేల వైపే చూస్తున్నాడు.

"తుక్కుకెయ్యి. ఏడాది నించీ అదే గదా నీ పాట. నా సగం నాకు పంపు" అని తమ్ముడు కాలు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు. అన్నా అన్న పిలుపు ఆ రోజు ఒక్కసారి కూడా రాలేదు.

ఇంజను మొత్తం విప్పాలనీ, ఆ ఖర్చుకు ఇలాంటి పాత బండి ఇంకొకటి వస్తుందనీ మెకానిక్ చెప్పాడు. నరసరావుపేట నుంచి పాత బండ్లు కొనే మనిషి వచ్చాడు. చుట్టూ తిరిగి, తలుపులు తట్టి, ధర చెప్పాడు. నేను కోరుకున్నదంతా జరిగిపోయింది. అయినా తాళంచెవి చేతిలో పట్టుకుని నిలబడిపోయాను.

"అట్టా నిలబడ్డావేంది? సంతోషమేగా, ఇచ్చెయ్యి" అంది మా ఆవిడ.

కారు లారీ ఎక్కి వెళ్ళిపోతే నేను చేసిన పని కూడా దానితోపాటు పోతుందనీ, ఇక దాన్ని ఎవరూ గుర్తు చేయరనీ నాకు తోచింది. ఆ ఆలోచనకు లోపల ఎంతో తేలికగా అనిపించింది. అంత తేలికగా అనిపించినందుకే సిగ్గేసింది. అతన్ని వట్టి చేతులతో పంపించేశాను. అతను చెప్పిన ధరలో సగం తమ్ముడికి పంపి, ఇంజను విప్పించాను. రేడియేటరు, టైర్లు, అడుగు రేకు, ఒకదాని తర్వాత ఒకటి అన్నీ అయ్యాయి. రిజిస్ట్రేషన్ కూడా చేయించాను. మతి పోయిందని ఊళ్ళోవాళ్ళు అనుకున్నారు. కారు సిద్ధమయ్యాక తాళంచెవి తమ్ముడింటికి పంపితే మరదలు తిరిగి తెచ్చిచ్చింది.

"సగం డబ్బు తీసుకున్నాం గదా బావగారూ. ఇంక దాంతో మాకేం సంబంధం? ఆయన ముట్టుకోనన్నాడు."

వాడు ఆటోల్లో తిరగసాగాడు. ఇరుకులో కాలు మడిచి కూర్చోలేడు కాబట్టి డ్రైవరు పక్కన ఒరిగి, కాలు బయటికి చాపి కూర్చునేవాడు. ఒకరోజు ఊరి సెంటర్లో ఆటో కోసం నిలబడి ఉంటే వాడి పక్కన కారు ఆపాను.

"ఎక్కు" అన్నాను.

వాడు చుట్టూ ఉన్నవాళ్ళ వైపు ఒకసారి చూశాడు. "వినుకొండకి ఎంత తీసుకుంటావు?"

నలుగురూ నవ్వారు.

"ఏందిరా ఆ మాట?"

"తెల్లబోర్డు బండి గదా, కిరాయికి తిప్పితే కేసు రాస్తారేమో చూసుకో. ఎంతో చెప్పు. లేదంటే ఆటో వస్తంది."

ఆటోవాళ్ళు తీసుకునేదే చెప్పాను. "ఏసీ ఉందిగా, పది ఎక్కువే ఇస్తాలే" అని వెనక తలుపు తీసి, సీటు పొడుగునా కాలు చాపుకుని కూర్చున్నాడు. దారంతా ఫోన్లో రైతులతో మాట్లాడాడు. నాతో అన్నది "ఈడ ఆపు" ఒక్కటే. దిగేటప్పుడు డబ్బులు ముందు సీటు మీద వేశాడు. తిరిగి ఇవ్వబోయాను.

"అట్టయితే రేపట్నించి ఎక్కను" అన్నాడు.

తీసుకున్నాను. అప్పటినుంచి తీసుకుంటూనే ఉన్నాను.  తీసుకోకపోతే వాడు ఎక్కడు, ఎక్కకపోతే వాడికి పని లేదు. బేరాలున్న రోజుల్లో పొద్దున్నే వాడింటి ముందు కారు ఆపి హారన్ కొడతాను. కల్లంలో రైతు టీ తెస్తే, తమ్ముడు నా వైపు చూడకుండా "డ్రైవరుక్కూడా ఒకటియ్యి" అంటాడు. కొత్త వ్యాపారులు నన్ను కిరాయి డ్రైవరనే అనుకుంటారు, "ఏమయ్యా, ఆ బస్తా డిక్కీలో పెట్టు" అంటారు. పెడతాను. తమ్ముడు వింటాడు, వాళ్ళకు అడ్డు చెప్పడు.

ఈ మధ్య గేరుబాక్సు అరుస్తోంది. ఇక దాన్ని వదిలించుకోమని మెకానిక్ కూడా అన్నాడు. విప్పి బాగుచేయమన్నాను. ఆ సాయంత్రమే తమ్ముడింటికి వెళ్ళి, గడప బయటే నిలబడి, రెండ్రోజులు కారు రాదని చెప్పాను.

వాడు అరుగు మీద కూర్చుని కాలికి మందు రాసుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"ముందే చెప్పడం నేర్చుకున్నావే" అన్నాడు. ఆ మాటలో ఎక్కడా మెత్తదనం లేదు. ఫోను తీసి రేపటికి ఆటో మాట్లాడుకున్నాడు.