కొల్లేటి కూటాల్లో నేను చేసిన ప్రార్థన

ఉద్యోగంలో చేరిన రెండేళ్లకు, 1955 ఫిబ్రవరిలో, నన్ను ఏలూరు రేంజికి హెల్త్ ఇన్‌స్పెక్టరుగా మార్చారు. మా శాఖలో మెట్లు ఇలా ఉండేవి. జిల్లా మొత్తానికి ఒక ఆరోగ్యాధికారి, ఆయన్ని డి.హెచ్.ఓ. గారు అనేవాళ్లం. ఆయన కింద మాలాంటి ఇన్‌స్పెక్టర్లు, మా కింద శానిటరీ మేస్త్రీలు, టీకాలు వేసేవాళ్లు. చేరిన మొదటి రెండేళ్లూ ప్రొబేషన్. అంటే పని చేయించుకుంటారు గానీ, మనిషి పనికొస్తాడని ఇంకా ఒప్పుకోరు. ఆ ఒప్పుకోలు డి.హెచ్.ఓ. గారు రాసివ్వాలి. నాకు మాత్రం రాసివ్వకుండా ఆరు నెలలు పొడిగించారు. అంతకుముందు చింతలపూడి సంతలో ఒక మిఠాయి దుకాణం మీద బ్లీచింగ్ పౌడరు చల్లించిన ఘనత నాది. ఈగలున్న మాట నిజమే. వాటి కింద మిఠాయి కూడా ఉందన్న సంగతి నేను పట్టించుకోలేదు. అప్పటికి నాకు ఇరవై అయిదేళ్లు. నిబంధనల పుస్తకం కంఠతా వచ్చు, మనుషులతో మాట్లాడటం మాత్రం రాదు.

ఏప్రిల్‌లో నాకు కొల్లేటి ఒడ్డున క్రైస్తవుల బహిరంగ కూటాలకు డ్యూటీ పడింది. ఎండలకు సరస్సు వెనక్కి తగ్గినప్పుడు తేలిన నేల మీద తాటాకు పందిళ్లు వేసి నాలుగు రోజులు కూటాలు జరిపేవారు. కామవరపుకోట, పెదవేగి వైపు మెట్ట ఊళ్ల నుంచి ఎడ్లబళ్ల మీద, కొల్లేటి లంకల నుంచి దోనెల మీద జనం వచ్చేవారు. అందరికీ రెండు పూటలా భోజనం అక్కడే. ఆ ఏడు చిక్కేమిటంటే, కూటాలకు పది రోజుల ముందు దగ్గర్లోని ఒక పల్లెలో కలరా కనిపించింది. అందుకని అనుమతి షరతుల మీద ఇచ్చారు. వచ్చినవాళ్లందరికీ కలరా టీకా, తాగే నీళ్లకు క్లోరిన్, మరుగుదొడ్లకు కందకాలు, తిండి మీద ఈగ వాలకూడదు. వీటిలో ఏది తప్పినా మూసేయడమే.

డి.హెచ్.ఓ. గారు నన్ను పిలిచి, మూడో రోజు మధ్యాహ్నం వడ్డన వేళకు తానే వస్తానన్నారు.

"ఒక్క ఆకు మీద ఈగల గుంపు కనిపించిందా, పందిరి పీకించేస్తాను. నీ ప్రొబేషన్ సంగతి కూడా అక్కడే తేలిపోతుంది."

వంటకూ వడ్డనకూ తాడేపల్లిగూడెం నుంచి నలభై మంది మిషన్ సేవకులు వచ్చారు. వేసవిలో కాలువలకు నీళ్లు కట్టేసే రోజులు కావడంతో పడవలు లేవు. గుండిగలూ గరిటెలూ మోసుకుంటూ రైల్లో ఏలూరు దాకా వచ్చి, అక్కడి నుంచి బళ్లెక్కారు. వాళ్ల పెద్ద సుగుణమ్మ గారు, మిషన్ బోర్డింగు బడిలో మేట్రన్. యాభై దాటిన మనిషి, తెల్లచీర, నడుముకు తాళాల గుత్తి.

మొదటి రోజు పొద్దున్నే నేను నోటుబుక్కు పట్టుకొని ఆమె వంటపందిట్లో దిగాను. తప్పు పట్టుకోకుండా బయటికి రాకూడదని నా పట్టుదల. గాడిపొయ్యిల మీద ఎసరు కాగుతోంది. అన్నపు గంపల మీద ఉతికిన గుడ్డలు, పులుసు గుండిగల మీద మూతలు, కాచి చల్లార్చిన నీళ్ల కాగులకు మూతల మీద మూతలు. వడ్డించేవాళ్లను వరసలో నిలబెట్టి గోళ్లు చూశాను. ఆవిడ తన చేతులు కూడా ముందుకు చాపి, "నావి కూడా చూడండి ఇన్‌స్పెక్టరు గారూ, మొహమాటపడకండి" అన్నారు. నోటుబుక్కులో ఒక్క అక్షరం పడలేదు. నిజం చెప్పొద్దూ, నాకు నిరాశ కలిగింది.

అసలు గండం బంతి దగ్గర ఉంది. వెయ్యికి తగ్గకుండా జనం వరసలు కట్టి కూర్చున్నారు. కొల్లేటి తామరాకులు పరిచి అన్నం, పప్పు, గుమ్మడికాయ పులుసు వడ్డించారు. ఎవరూ ముట్టలేదు. ఏసుదాసు గారని పెద్ద పాస్టరు, అందరూ అయ్యగారు అంటారు, లేచి ప్రార్థన మొదలుపెట్టారు. వానల కోసం, పంటల కోసం, ప్రభుత్వం కోసం, జ్వరాల్లో ఉన్నవాళ్ల కోసం, దారిలో ఉన్నవాళ్ల కోసం ప్రార్థించారు. అయిపోయిందనుకున్నాను. అప్పుడు ఊళ్ల పేర్లు అందుకున్నారు. ఒక్కొక్క పేరుకీ ఒక్కో మూల నుంచి "స్తోత్రం" అని వినబడుతోంది. నా గడియారంలో ఇరవై రెండు నిమిషాలు గడిచాయి. అన్ని తలలూ వంగి, అన్ని కళ్లూ మూసుకొని ఉన్నాయి. ఆ పందిట్లో కళ్లు తెరుచుకొని ఉన్నది నేనూ, ఈగలూ.

బంతి లేచాక అయ్యగారి దగ్గరకు వెళ్లి ప్రార్థన రెండు నిమిషాల్లో ముగించాలని చెప్పాను. ఆయన కోప్పడలేదు. "కామవరపుకోట అవతల నుంచి రెండు రోజులు బండి మీద వచ్చారండీ. వాళ్ల ఊరి పేరు దేవుడి ముందు పలక్కుండా అన్నం తినమంటే ఎలాగండీ?" అన్నారు. అయినా, సాయంత్రం కుదిస్తానని మాటిచ్చారు. సాయంత్రం ఇరవై ఆరు నిమిషాలు పట్టింది. ఎక్కువైన నాలుగు నిమిషాలూ నా కోసమే. ఓర్పు తక్కువైన ఈ యువ అధికారికి ఓర్పు దయచేయమని ఆయన దేవుణ్ణి వేడుకున్నారు. వెయ్యి మందీ స్తోత్రం అన్నారు.

రెండో రోజు నేను బుర్ర ఉపయోగించాను. అలా ఉపయోగించినప్పుడల్లా నాకు నష్టమే జరిగింది. ముందు ప్రార్థన, తర్వాత వడ్డన అని కాగితం మీద ఆర్డరు రాసి సుగుణమ్మ గారికి ఇచ్చాను. ఆవిడ చదివి మడిచి నడుమున దోపుకున్నారు.

"ఖాళీ ఆకు ముందు స్తోత్రం చెప్పడం మావాళ్లకి అలవాటు లేదండీ. వండని కూర బాగుందని చెప్పినట్టుంటదండీ."

ఆర్డరంటే ఆర్డరన్నాను. సరే, ఖాళీ తామరాకుల ముందు అయ్యగారు ప్రార్థన చేశారు. తర్వాత వేడి వేడి అన్నం వడ్డించారు. ఎవరూ చెయ్యి పెట్టలేదు. అన్నం ఎదురుగా వచ్చాక దానికి కృతజ్ఞత చెప్పొద్దా? ఒక వరసలోంచి ఆ ఊరి పెద్ద లేచి తన వరసకు ప్రార్థన మొదలుపెట్టాడు. అది చూసి పక్క వరస పెద్ద లేచాడు. పక్కవాడి కంటే ముందు ముగిస్తే తమ ఊరికి చిన్నతనమని ఎవరూ ముగించరు. ముగించిన ఒకరిద్దరు కూడా మిగిలినవాళ్ల కోసం మర్యాదగా ఆగారు. ఒక్క ప్రార్థన తగ్గించబోయి ఇరవై తెచ్చిపెట్టుకున్నాను. ఈగలకు అంత తీరిక ఎప్పుడూ దొరికి ఉండదు.

నాకు ఒళ్లు మండిపోయింది. తిన్నగా వంటపందిట్లోకి వెళ్లి, ఆ ప్రార్థనల్లో ఒక్కటి కూడా చేయని సుగుణమ్మ గారి మీద అరిచేశాను. రేపు పందిరి పీకేస్తారు, నా ఉద్యోగం ఊడుతుంది, అంతా మీవాళ్ల వల్లే అన్నాను. ఆవిడ మొత్తం విని, గ్లాసుడు మజ్జిగ చేతిలో పెట్టి, "ముందు ఇది తాగండీ. ఆకలి మీద మీరు రూల్సు ఎక్కువ చెప్తున్నారండీ" అన్నారు. తాగాను. ఆ తర్వాత ఆవిడ మెల్లగా ఒక మాట అన్నారు.

"మూసేస్తే వీళ్లంతా ఈ ఎండలో పడి తిరిగెళ్లాలండీ. వెళ్లే దారిలోనే కదండీ కలరా వచ్చిన ఊరు. ఇక్కడైతే కాచిన నీళ్లన్నా ఉన్నాయండీ. మీ ఉద్యోగం సంగతి సరే, వాళ్ల సంగతి కూడా చూడండి."

ఆ కోణం నాకు అప్పటిదాకా తట్టనే లేదు. సిగ్గుపడ్డాను. కానీ ఏం చేయాలో మాత్రం తెలియలేదు.

మూడో రోజు వడ్డన పూర్తవుతుండగా జీపు వచ్చింది. డి.హెచ్.ఓ. గారు సోలాటోపీ తీయకుండానే పందిట్లోకి నడిచి, వరసల మీదుగా చూపు సారించారు. అప్పుడే వడ్డించిన అన్నం పొగలు కక్కుతోంది. ఈగలు ఇంకా రాలేదు. అయ్యగారు గొంతు సవరించుకొని లేచారు. ఇరవై రెండు నిమిషాలు, అంతా అయిపోయింది అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే డి.హెచ్.ఓ. గారికి ఒక నిబంధన గుర్తుకొచ్చింది. జాతరలోనైనా సభలోనైనా జనం చేరిన చోట ఇన్‌స్పెక్టరు ఆరోగ్యోపన్యాసం ఇవ్వాలి. ఇచ్చావా అని అడిగారు. రెండు రోజులుగా ప్రార్థనలతో కుస్తీ పట్టడంలో నాకు ఆ సంగతే గుర్తు లేదు.

"ఇంకా ఇవ్వలేదండీ."

"అయితే ఇప్పుడే ఇవ్వు. నేను వింటాను."

అయ్యగారు మర్యాదస్తులు. "ముందు మీరు కానివ్వండి" అంటూ గొంతు దూరం వినబడటానికి వాడే రేకు బాకా నాకిచ్చి పక్కకు తప్పుకున్నారు.

వెయ్యి ఆకుల ముందు నిలబడ్డాను. బాకా చంకలో పెట్టుకొని నమస్కారం చేద్దామని రెండు చేతులూ జోడించాను. భయానికి కళ్లు వాటంతటవే మూసుకున్నాయి. అంతే, పందిరంతా తలలు వంచి కళ్లు మూసుకుంది. అన్నం ఎదుట ఒకడు నిలబడి చేతులు జోడించి కళ్లు మూసుకుంటే వాళ్ల లెక్కలో అది ప్రార్థనే. నేను కళ్లు తెరిచేసరికి దిద్దే వ్యవధి దాటిపోయింది. బాకా ఎత్తి, కంఠతా వచ్చిన సర్క్యులరు అప్పజెప్పాను.

"అన్నానికి ముందు చేతులు కడుక్కోవాలి."

"స్తోత్రం" అన్నాడు ముందు వరసలో ఒక ముసలాయన.

"నీళ్లు కాచి తాగాలి."

"స్తోత్రం" అంది సగం పందిరి.

"తినే పదార్థం మీద మూత పెట్టాలి."

ఈసారి వంటపందిరి వైపు నుంచి సేవకులంతా ఒక్క గొంతుతో స్తోత్రం అన్నారు. అందులో సుగుణమ్మ గారి గొంతు విడిగా వినబడింది.

సర్క్యులరులో ఇంకా తొమ్మిది అంశాలున్నాయి. ఒక్కటీ గుర్తు రాలేదు. ఎలా ముగించాలో తెలియదు. వెయ్యి తలలు వంచుకొని కాచుకొని ఉన్నాయి. రెండు రోజులుగా చెవిలో పడుతున్న మాట నా ప్రమేయం లేకుండా నోట్లోంచి వచ్చేసింది.

"ఆమేన్" అన్నాను.

"ఆమేన్!" అంది పందిరంతా. వెయ్యి చేతులు ఒక్కసారి అన్నంలోకి దిగాయి. మొత్తం ఒక నిమిషం కూడా పట్టి ఉండదు.

ఒక పక్క మా అధికారి, ఒక పక్క బైబిలు పట్టుకొని అయ్యగారు. అటు ప్రభుత్వం, ఇటు దేవుడు, ఇద్దరి దగ్గరా ఒకేసారి ఉద్యోగం పోగొట్టుకున్నాననిపించింది. అయ్యగారు నా వైపు అడుగు వేశారు. ఈలోగా సుగుణమ్మ గారు పులుసు బకెట్టుతోనే అడ్డం వచ్చారు.

"అయ్యగారండీ, ఆమేన్ పడిపోయిందండీ. ముద్ద నోట్లోకి వెళ్లాక ఆపకూడదండీ. తిన్నాక మీరు చేద్దురుగాని, కడుపు నిండినాక ఎంతసేపైనా కూర్చుంటారండీ."

అయ్యగారు భుజాలు ఊగేటట్టు నవ్వారు. నా పక్కనే చతికిలబడి ఆకు వేయించుకున్నారు. తింటూ తింటూ మాది ఏ ఊరని అడిగారు. చెప్పాను.

ఆకులు తీసేశాక ఆయన ముప్పై అయిదు నిమిషాలు ప్రార్థన చేశారు. నీడపట్టున, నిండిన కడుపులతో ఎవరూ కదల్లేదు. కొందరు నిద్రపోయారు, అది వేరే సంగతి. మెట్ట ఊళ్లు, లంక ఊళ్లు అన్నీ అయ్యాక, చివర్న మా ఊరి పేరు వినబడింది. నేను ఆ మతంవాణ్ణి కాదు. అయినా ఆ పేరు చెవిన పడగానే నా తల దానంతటదే వంగింది. రెండు రోజులు బండి మీద వచ్చినవాళ్లు దేని కోసం కాచుకొని కూర్చున్నారో అప్పుడు అర్థమైంది.

డి.హెచ్.ఓ. గారు అప్పటికే వరసలన్నీ తిరిగి వచ్చారు. ఈగలు ఆకుల దాకా వచ్చాయి గానీ వాటికి మిగిలింది తామరాకులే. జీపెక్కబోతూ నన్ను దగ్గరకు పిలిచారు.

"ఏమయ్యా, ఆ చివరి మాట మన సర్క్యులర్లో ఉందా?"

"లేదండీ."

"ఉండాల్సింది" అని జీపెక్కారు.

నాలుగో రోజు కూడా అదే పద్ధతి. వడ్డన కాగానే నేను, భోజనాలయ్యాక అయ్యగారు. కూటాలకు వచ్చిన వాళ్లలో ఒక్కరికీ కలరా సోకలేదు. మరుసటి నెలలో నా ప్రొబేషన్ ముగిసినట్టు కాగితం వచ్చింది. ఆరోగ్యోపన్యాసాన్ని ప్రజలు అసాధారణ శ్రద్ధతో ఆలకించారని అందులో రాశారు.

మూడేళ్ల తర్వాత ఒక లంక ఊళ్లో నూతులకు క్లోరిన్ వేయించడానికి వెళ్లాను. మధ్యాహ్నం ఒక ముసలామె ఇంట్లో భోజనం పెట్టారు. ఆవిడ నన్ను గుర్తుపట్టలేదు, నేనూ ఆవిణ్ణి ఎరగను. ఆకులో అన్నం పెట్టి, చేతులు జోడించి, కళ్లు మూసుకొని ప్రార్థించింది. "ప్రభువా, చేతులు కడుక్కున్నాం, నీళ్లు కాచుకున్నాం, మూత పెట్టుకున్నాం, ఈ అన్నానికి స్తోత్రం, ఆమేన్" అంది. ఎవరు నేర్పారని అడిగితే, కూటాల్లో ఒక కుర్ర అయ్యగారు నేర్పారండీ, చాలా పొట్టి ప్రార్థనండీ ఆయనది అంది.

సర్వీసులో ఉన్నన్నాళ్లూ నేను వందల ఉపన్యాసాలు ఇచ్చాను. వాటిలో ఆచరణలోకి వచ్చిందని నాకు రుజువుగా తెలిసినది అదొక్కటే. జనాన్ని ఆపి చెబితే వినరు. వాళ్లంతట వాళ్లు ఆగే చోటు కనిపెట్టి, అక్కడ మూడు మాటలు చెప్పి, అన్నం చల్లారకముందే తప్పుకోవాలి.