ఆరుగురూ వాడే అన్నారు

ఆ పొద్దున చావడిలో ఉన్నవి: ఒక బల్ల, రెండు కుర్చీలు, సిరాబుడ్డి, వేలిముద్రల మసి పలక. ఉన్నవారు: పోలీసు అమీను సాబు, నేను, చాప మీద ఆరుగురు సాక్షులు, వాళ్లకు ఎదురుగా చేతులకు తాడు కట్టిన ఒక జీతగాడు. మొయినాబాద్ నుంచి చేవెళ్ల పోయే బాటలో ఉన్న ఊరది. ముందురోజు మధ్యాహ్నం ఒక ఆసామి గడ్డివాము కాలిపోయింది. ఆయన దగ్గర పనిచేసే ఈ జీతగాడే అంటించాడని అనుమానం. రుజువైతే జైలు.

నేను పోలీసును కాను. ఓవర్సీరు చదువు ముగించి ఆ రోడ్డు పనికి కొత్తగా వచ్చాను. రాసే మున్షీకి జ్వరమని, ఉర్దూ వచ్చు కదా అని నన్ను పిలిచారు. అప్పట్లో సర్కారు రాతలు ఉర్దూలోనే కాబట్టి సాక్షులు తెలుగులో చెప్పింది నేను ఉర్దూలో రాయాలి. పని పద్ధతిగా ఉండాలని ముందే పట్టిక గీశాను: వయసు, నిలబడిన చోటు, వాముకు దూరం. పెద్దవాళ్లతో మొదలుపెట్టి చిన్నవాళ్ల దాకా వరుసగా పిలిచాను.

"వాము కాడి నుంచి ఉరికింది వాడేనా, తాతా?" అని అమీను మొదటి ముసలాయనను అడిగాడు.

"వాడే సాబు."

మిగిలిన ఐదుగురూ వాడే అన్నారు. నాకు సంతోషమైంది. సర్వేలో ఆరు కొలతలు ఒకటే వస్తే ఇక తప్పు వెతకం.

చివరి సాక్షి ఒక కూలి మనిషి. ఆమె వరుసలో దూరం గడి ఖాళీగా ఉంటే అడిగాను.

"చెల్కల కలుపు తీస్తున్న సారూ. పొగ జూసి తలెత్తిన. మనిషిని నేనేడ జూసిన?"

"మరి వాడే అంటివి?"

"ముందుగాల ఆ తాత చెప్పినంక నేను కాదంటె బాగుంటదా? ఆయన అబద్ధమాడినట్టు కాదా?"

"ఆమె మొగుణ్ణే గుర్తువట్టది సారూ!" అని పక్కనున్న సాక్షి నవ్వాడు.

"కల్లు దుకాణంల ఉంటె నిన్ను గుర్తువడ్త తియ్," అన్నదామె.

నా కలం ఆగిపోయింది. "ముందు మాట రాస్తవా, ఇప్పటి మాట రాస్తవా, ఓవర్సీర్ సాబ్?" అని అమీను అడిగాడు. చివరికి జీతగాణ్ణి వెనుక గదికి పంపి, సాక్షులను బయట కూర్చోబెట్టి, ఈసారి చిన్నవాళ్ల నుంచి ఒక్కొక్కరినే పిలిచాం. ఏం చూశారని మాత్రమే అడిగాం. ఒకరు వాగు వైపు ఉరికాడన్నారు, ఒకరు బాట వైపు. ఒకరికి ఇద్దరు కనిపించారు. ఒకరికి వీపే కనిపించింది. కలుపు తీసినామెకు పొగే. నాకు ఇంకా అయోమయమైంది.

ముసలాయన చివరగా వచ్చాడు. "కండ్లకు పొరలొచ్చి రెండేండ్లాయె బిడ్డా. మసకగ ఒగడు ఉరికిండు."

"మరి వాడే అని ఎట్ల చెప్పినవు తాతా?"

"తాడు గట్టి కూసోబెట్టిండ్రు గదా. కానోణ్ణి ఎందుకు గడ్తరనుకున్న."

రెండు విడతల వాంగ్మూలాలూ, నేను పిలిచిన వరుస ఏమిటో రాసిన కాగితమూ కలిపి అమీను పైకి పంపాడు. పైనుంచి హుకుం వచ్చాక జీతగాణ్ణి వదిలేశారు. వచ్చి రోడ్డు పని దగ్గర నన్ను పట్టుకున్నాడు.

"నేను కాదని చెప్పినోళ్లు ఎవరు సారూ? కాళ్లు మొక్కుత."

ఎవరూ అట్లా చెప్పలేదు. చూడలేదన్నారు, అంతే. వాము అతను అంటించాడో లేదో నాకు ఆనాడూ తెలియదు, ఈనాడూ తెలియదు. పెద్దవాళ్లను ముందు పిలిచిన నా వరుస సంగతి అతనికి ఎట్లా చెప్పాలో కూడా తోచలేదు.

అతను నిర్బంధంలో ఉన్నది పదకొండు రోజులు.