ఊపిరి తీసుకునే చోటు

మా గిటార్ మాస్టరు పోయారని కోలారు దగ్గరి నరసాపురం ఫ్యాక్టరీ నుంచి వచ్చే కంపెనీ బస్సులో తెలిసింది. షిఫ్టు దిగి, కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నాను. పక్కింటామె ఫోన్ చేసి చెప్పింది. ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది. ఇల్లు చేరాక, ఎదురు వాకిట్లో ఆయన కుర్చీ ఖాళీగా కనపడ్డాక ఏడుపొచ్చింది.

నేను ఎరిగేనాటికి మా కేజీఎఫ్ బంగారు గనులు మూతపడి చాలాకాలమైంది. మాస్టరు ఒకప్పుడు గని లోపల పనిచేసిన మనిషి, గని కార్మికుల లైను ఇళ్ళ పిల్లలకు గిటార్ నేర్పేవారు, చర్చిలో పాడేవారు. నేనూ నేర్చుకున్నాను, అంతంతమాత్రంగా. తప్పు వాయిస్తే కోప్పడేవారు కాదు. "తొందరేముండాదమ్మా, పాట యాడికీ పోదు" అనేవారు. ఫ్యాక్టరీలో చేరాక ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. నా బతుకంతా తొందరే.

ఆయనకు ఒక విదేశీ రాక్ గాయకుడంటే ప్రాణం. ఆ గాయకుడి ఫొటో యేసుప్రభువు పటానికి కాస్త కిందుగా వేలాడేది. ఇంకాస్త కిందికి దించమని భార్య పోరేది.

గని దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్ని వదల్లేదు. ఒక ఈస్టర్ నాడు పాట మధ్యలో ఊపిరందక ఆగిపోయారు. తోటి పాటగాళ్ళ కోయిర్ ఆయన్ను వదిలేసి ముందుకెళ్ళిపోయింది. ఆ రోజే గిటార్ బీరువా మీదికెక్కింది. "ఇంగ చాలమ్మా" అన్నారు. ఎంత బతిమాలినా దించలేదు.

కొన్నాళ్ళకు టీవీలో ఆ గాయకుడి మీద డాక్యుమెంటరీ వస్తుందని తెలిసి, మాస్టర్ని మా ఇంటికి పిలిచాను. చర్చికి వెళ్ళేటట్టు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. నాకు కళ్ళు మూతలు పడుతున్నాయి. తెరమీద ఆ గాయకుడు, ఇప్పుడు ముసలాయన, బుగ్గలు లోపలికిపోయి, పాడుతూ పాడుతూ ఆగాడు. మైకు నుంచి తల తిప్పి ఊపిరి తీసుకున్నాడు. చెయ్యి వాయిస్తూనే ఉంది. జనం కాచుకున్నారు. ఆగిన మాట దగ్గరే మళ్ళీ అందుకున్నాడు.

"చూసినావామ్మా? ఆయప్ప కూడా ఆగినాడు."

"ఆగినాడు మాస్టర్. ఎవురన్నా ఏమన్నా అన్నారా?"

ఆయన పాట అయిపోయేదాకా తెరనే చూశారు. చేతిలో టీ చల్లారిపోయింది.

ఆ తర్వాతి ఆదివారం మాకంటే ముందే గిటార్‌తో చర్చిలో కూర్చున్నారు. అప్పట్నుంచీ, ఈస్టర్ నాడు ఆగిపోయిన ఆ పాటలో మూడో పాదం దగ్గర ఊపిరి కోసం ఆగేవారు, చెయ్యి ఆగేది కాదు. మేం కాచుకునేవాళ్ళం. పోనుపోను అందరికీ అలవాటైపోయింది. చిన్నపిల్లలైతే ఆ పాట వరసే అంత అనుకున్నారు.

సమాధుల తోటలో ఆయన శవపెట్టె దించేముందు ఆ పాటే అందుకున్నాం. ముళబాగిలు నుంచి వచ్చిన బంధువులూ గొంతు కలిపారు. ఆ చోటు రాగానే మేమందరం ఆగాం. బంధువులు నాలుగు మాటలు ముందుకెళ్ళి, మా వైపు చూసి ఆగిపోయారు. అక్కడ గిటార్ మోగాలి. ఎవరూ తేలేదు. తొందరపడి ఎవరూ పాట అందుకోలేదు కూడా. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఎంతసేపు పట్టేదో అంతసేపూ ఆ పెట్టె చుట్టూ నిలబడ్డాం.