చదివి వినిపించే లాప్‌టాప్

నేను గవర్నమెంటు బడిలో తెలుగు టీచర్ని. మా అమ్మాయికి ఎనిమిదో తరగతికి వచ్చినా ఒక పేజీ తెలుగు చదవాలంటే అరగంట పట్టేది. దీపం కింద చీకటి అని స్టాఫ్ రూములో నా ముందే అన్నవాళ్లున్నారు. నాకు ఒళ్లు మండేది. చీకటి ఉంటే వాళ్ల తలకాయల్లో ఉంది గానీ నా బిడ్డలో లేదు. విన్న పాఠాన్ని ముక్క పోకుండా తిరిగి చెప్తుంది. చూసి చదవడమే కష్టం. ఆస్పత్రిలో పరీక్ష చేసిన డాక్టరమ్మ దాన్ని డిస్లెక్సియా అంటారని చెప్పి, పాఠాలు చదివి వినిపించే లాప్‌టాప్ కొనమన్నది. అప్పటికే మా అమ్మాయి బడి మానేస్తానని పట్టు పట్టింది. ఆ ఏడు దాన్ని బడిలో నిలబెట్టుకోవడమొక్కటే నా ముందున్న పని.

సోషల్ పుస్తకం నెట్‌లో దొరికింది. మా బడి కంప్యూటర్‌తో చదివిస్తే వచ్చిందంతా గోల. పాత ఫాంటులో కొట్టిన తెలుగు యంత్రానికి తెలుగే కాదట. మధ్యాహ్నం అన్నం గంటలో కూర్చుని రెండు పాఠాలు కొత్త ఫాంటులో నేనే టైపు చేశాను. పెన్ డ్రైవ్‌లో వేసుకుని, దసరా సెలవుల్లో మా అమ్మాయిని వెంటబెట్టుకుని బయల్దేరాను.

ముందు మా సూర్యాపేటలోనే అడిగాం. షాపతను ఒకటి తెరిచి, "మేడమ్, గిది తీస్కపోండ్రి, గేములు మస్తు నడుస్తయి" అన్నాడు.

"గేములు కాదు, నా పాఠం చదువుతదా?"

పాపం, అతన్ని అంతవరకు ఎవరూ అలా అడిగి ఉండరు. అందులో ఇంగ్లిషు గొంతే ఉంది. తెలుగు గొంతు ఇంటికాడ మమ్మల్నే ఎక్కించుకోమన్నాడు. అన్నీ మేమే చేసుకునేదానికి నువ్వెందుకని లేచి వచ్చేశాం. నా నోరు మంచిది కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు.

మర్నాడు కోదాడ పోయాం. అక్కడి షాపాయన పెద్దమనిషి, మర్యాదస్తుడు. ఓపిగ్గా తెలుగు గొంతు ఎక్కించాడు. లాప్‌టాప్ నా పాఠం చదువుతుంటే మా అమ్మాయి కళ్లు మూసుకుని వింటోంది. ఆయన దాన్ని చూసి, జాలిగా గొంతు తగ్గించి, "పాపకి కళ్లు కనపడవాండీ?" అన్నాడు.

షాపులో ఉన్న నలుగురూ మా వైపు తిరిగారు. వాళ్లలో ఒకామె నా పాత విద్యార్థి తల్లి.

"పాపకు కాదండీ, నాకే" అన్నాను. "పేపర్లు దిద్దితే కండ్లు నొస్తున్నయి."

అబద్ధం అంత సులువుగా నా నోట్లోంచి వస్తుందనుకోలేదు. మా అమ్మాయి పెన్ డ్రైవ్ పీకి జేబులో వేసుకుని బయటికి నడిచింది.

మిర్యాలగూడ బస్సెక్కాం. గరిడేపల్లి దాటేదాకా అది కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చుంది. అప్పుడు అన్నది:

"అమ్మా, నాకోసం అందరితోని కొట్లాడతవ్. గాడ నా గురించి ఎందుకు చెప్పలే? నాకైతే సిగ్గు లేదు. నీకున్నదా?"

 

"ఉన్నది బిడ్డా" అన్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

మిర్యాలగూడ షాపులో కౌంటర్ దగ్గర ఒకావిడ ఉంది. "లాప్‌టాప్ ఎవరికమ్మా?" అని నన్ను అడిగింది. నేను నోరు తెరిచేలోపే మా అమ్మాయి అందుకుంది.

"నాకే ఆంటీ. నాకు డిస్లెక్సియా, చదువుడు కష్టం. చెవితోని ఇంటే వస్తది. తెలుగు గొంతు పెట్టుండ్రి, జర మెల్లగ చదవాలె."

ఆవిడ పెట్టింది. షాపంతా కాకతీయుల చెరువుల పాఠం మారుమోగింది. ఫోను కొనడానికి వచ్చిన వాళ్లు కూడా ఆగి చూశారు. "జర తగ్గించనా?" అని ఆవిడ అడిగితే మేమిద్దరం ఒకేసారి వద్దన్నాం. నాలుగు లాప్‌టాప్‌లతో అదే పాఠం చదివించుకుని, ఒత్తులు స్పష్టంగా వినపడుతూ బడి సంచీలో బరువు కానిదాన్ని మా అమ్మాయే ఎంచుకుంది. రంగు సంగతి అడగనే లేదు.

సెలవులయ్యాక లాప్‌టాప్ తీసుకుని మా అమ్మాయి చదివే ప్రైవేటు బడికి పోయాం. హెడ్మాస్టరు గది తలుపు తెరిచే ఉంది. బయట బెంచీ మీద ఫీజు కట్టడానికి వచ్చిన తల్లిదండ్రులు కూర్చున్నారు.

"క్లాసుల గిట్ల యంత్రం పెడితే అందరు అడుగుతరు మేడమ్" అన్నాడాయన, మంచిగానే. "కంప్యూటర్ నేర్చుకునేటందుకని ఒక లెటర్ రాసియ్యుండ్రి. ఎవరు ఏమనరు."

కాగితం ఇచ్చాడు. నా బిడ్డకు డిస్లెక్సియా అని రాశాను. చెవితో చదువుకుంటుందని, ఈ లాప్‌టాప్ ప్రతి క్లాసులో దాని బెంచీ మీదే ఉంటుందని రాసి సంతకం పెట్టాను. ఆయన చదివి, "గిది ఎవరన్న అడిగితే ఏం చెప్పాలె?" అన్నాడు.

"నా ఫోన్ నంబర్ ఇయ్యుండ్రి సార్."

కాగితం మళ్లీ చేతిలోకి తీసుకుని, బెంచీ మీదున్న వాళ్లందరికీ వినపడేటట్టు మొదటి నుంచి చివరిదాకా చదివాను. మా అమ్మాయి నా పక్కనే నిలబడి విన్నది.